గాలి చూసి దిగండి: నాక్సోస్ తీరంలో ఈతకీ నీటి ఆటలకీ సమగ్ర మార్గదర్శి

బంగాళాఖాతం చూసి పెరిగిన కంటికి గ్రీస్‌లోని నాక్సోస్ దీవి పడమటి తీరం పెద్ద చెరువులా కనిపిస్తుంది. ఆటుపోట్ల తేడా మహా అయితే జానెడు. నడుము లోతులో నిలబడితే కాలివేళ్లు లెక్కపెట్టుకునేంత తేట నీళ్లు. ఆర్కే బీచ్‌లోనో సూర్యలంకలోనో మనిషిని ఒడ్డునే ఆపేసే ఆ విరిగిపడే కెరటం ఇక్కడ చాలా రోజులు ఉండదు. అందుకే మనవాళ్లు ఇక్కడ కాస్త ఎక్కువ ధైర్యం చేస్తారు. మన తీరంలో ప్రమాదం అల రూపంలో ఎదురుగా వస్తుంది, కళ్లకి కనబడుతుంది. నాక్సోస్ ఉన్న ఏజియన్ సముద్రంలో ప్రమాదం ఎక్కువగా గాలి రూపంలో వస్తుంది, అదీ తరచుగా వెనకనుంచి. ఒడ్డున పడుకున్నవాడికి చల్లగా, హాయిగా అనిపించే ఆ గాలే గాలి పరుపు మీద తేలుతున్న పిల్లాణ్ణి పావుగంటలో చేతికందనంత దూరం తీసుకుపోతుంది.

జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో చదువుకుంటూ వేసవిలో చవక టికెట్ దొరికితే గ్రీస్ వెళ్లే కుర్రాళ్లకీ, ఏథెన్స్, సాంతొరీని చూసి మధ్యలో రెండు రోజులు నాక్సోస్‌లో దిగే కుటుంబాలకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా మొదటి మూడు దశలు వదిలేయకండి. గాలి ముందు బాగా ఈదేవాడూ అంతంతమాత్రం ఈదేవాడూ దాదాపు ఒకటే.

దశ 1: బయల్దేరే ముందు గాలి సంగతి తెలుసుకోండి

వేసవిలో ఏజియన్ మీద వీచే ఉత్తరపు గాలిని గ్రీకులు మెల్తేమి అంటారు. మే నుంచి అక్టోబరు దాకా ఎప్పుడైనా రావచ్చు కానీ జూలై, ఆగస్టుల్లో దాని జోరు. బాల్కన్ దేశాల వైపు అధిక పీడనం, టర్కీ వైపు అల్పపీడనం ఉన్నప్పుడు రెంటి మధ్య ఈ గాలి దక్షిణానికి దూసుకొస్తుంది. ఆ టర్కీ అల్పపీడనానికీ మనకీ చుట్టరికం ఉంది. వానాకాలంలో వాయవ్య భారతం, పాకిస్తాన్ మీద కూర్చునే ఋతుపవన అల్పపీడనపు కొస పడమటికి సాగి టర్కీ దాకా చేరుతుంది. మన పొలాల్లో నాట్లు పడే రోజులే నాక్సోస్‌లో గాలి ఎక్కువగా ఉండే రోజులు.

ఈ గాలి తీరు మోసకరంగా ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఒక్క మబ్బు ఉండదు. మనకి గాలివాన అంటే ముందు మబ్బు పట్టాలి, మెరవాలి, ఉరమాలి. ఇక్కడ ఆ హెచ్చరికలేవీ రావు. చాలా రోజుల్లో పొద్దున నెమ్మదిగా ఉండి, పదకొండు దాటాక పెరుగుతూ, మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకి శిఖరానికి చేరి, చీకటిపడే వేళకి తగ్గుతుంది. గట్టిగా పట్టుకుంటే మాత్రం నాలుగైదు రోజులు రాత్రీ పగలూ తేడా లేకుండా వీస్తుంది. పైగా పారోస్, నాక్సోస్ దీవుల మధ్య ఉన్న సందులో గాలి ఇరుక్కుని మరింత వేగం అందుకుంటుంది. ఫోన్‌లోని వాతావరణ యాప్ చూపించే అంకె కన్నా అక్కడ అసలు గాలి ఎక్కువగా ఉండటం మామూలే.

గ్రీస్‌లో గాలిని బోఫర్ట్ అంకెల్లో చెబుతారు, అంటే గాలి బలాన్ని కొలిచే మెట్ల లెక్కలో. హోటల్ ఆవిడ దగ్గర్నుంచి ఫెర్రీ టికెట్లమ్మేవాడి దాకా అందరూ ‘ఈరోజు ఆరు, రేపు ఏడు’ అంటుంటారు. అది ఇలా అర్థం చేసుకోండి. 4 అంటే గంటకి 20 నుంచి 28 కి.మీ., 5 అంటే 29 నుంచి 38, 6 అంటే 39 నుంచి 49, 7 అంటే 50 నుంచి 61, 8 అంటే 62 నుంచి 74. సముద్రం మీద తెల్లటి నురగ తలలు అక్కడొకటి ఇక్కడొకటి మొదలైతే 3. ఎటు చూసినా అవే కనిపిస్తే 5 దాటిందనుకోండి.

నేను పాటించమని చెప్పే లెక్క ఇది; చట్టం కాదు, నా అభిప్రాయం. 3 దాకా అన్నీ చేయవచ్చు. 4 వస్తే గాలి నింపిన బొమ్మలు, పరుపులు మూట కట్టేయాలి. పాడిల్ బోర్డు (నిలబడి తెడ్డు వేసే పలక), కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) కొత్తవాళ్లు ఒడ్డు వెంబడే ఉండాలి. 5 అయితే గాలి తగలని బీచ్‌లో నడుము లోతు దాకా ఈత, అంతే. విండ్‌సర్ఫింగ్, అంటే తెరచాప కట్టిన పలకమీద సాగే ఆట, నేర్చుకునేవాళ్లు లోతులేని నీళ్లలో బోధకుడి ముందర మాత్రమే. 6 దాటితే చాటు బీచ్‌లో మోకాలి లోతులో కూర్చుని ఆనందించండి, లేదా కొండమీది ఊళ్లు చూడటానికి పోండి. హల్కీ, అపిరాంథోస్ చూడదగ్గ ఊళ్లే.

గాలి అంచనాకి గ్రీస్ జాతీయ వాతావరణ సంస్థ ఇ.ఎమ్.వై. సైటు చూడండి. విండీ, విండ్‌గురు యాప్‌లు సర్ఫింగ్ వాళ్లందరూ వాడతారు. అలల ఎత్తుకి పొసైడన్ అనే గ్రీకు సముద్ర సమాచార వ్యవస్థ ఉంది. యాప్‌లో సగటు గాలి ఒక్కటే చూసి ఊరుకోకండి. పక్కనే ఉండే ‘గస్ట్’ అంకె, అంటే ఉండుండి కొట్టే విసురు, అదే మిమ్మల్ని బోర్డు మీదనుంచి తోసేసేది.

దశ 2: గాలిని బట్టి బీచ్ ఎంచుకోండి

నాక్సోస్ సైక్లాడిస్ అనే గ్రీకు దీవుల గుంపులో అన్నిటికన్నా పెద్దది, సుమారు 430 చదరపు కిలోమీటర్లు. మంచి ఇసుక బీచ్‌లన్నీ నైరుతి, పడమటి తీరంలో వరసగా ఉంటాయి. ఓడరేవు పట్నం చోరా నుంచి దక్షిణంగా వెళ్తూ అయ్యొస్ యోర్యొస్, అయ్యొస్ ప్రొకోపియొస్, అయ్యా అన్నా, ప్లాకా, మిక్రి విగ్లా, కాస్త్రాకి, అలికో, పిర్గాకి తగులుతాయి. సీజన్‌లో ఓడరేవు నుంచి వీటిలో చాలావాటికి బస్సులున్నాయి.

పిల్లలుంటే, లేదా మీకు ఈత అంతంతమాత్రమే అయితే అయ్యొస్ యోర్యొస్. ఊరిని ఆనుకునే ఉంటుంది, చాలా దూరం నడిచినా నీళ్లు లోతు రావు. విండ్‌సర్ఫింగ్ నేర్పే బళ్లు దాని దక్షిణపు కొసన ఉండటానికి కారణం కూడా ఆ లోతులేని మడుగే. పడితే లేచి నిలబడొచ్చు. ఈదేవాళ్లు ఊరి వైపు ఉండి, ఆ దక్షిణపు కొసని సర్ఫింగ్ వాళ్లకి వదిలేయాలి. వేగంగా వచ్చే బోర్డు అంచు తలకి తగిలితే చిన్న దెబ్బతో పోదు.

అయ్యొస్ ప్రొకోపియొస్ ఫొటోలకి అందంగా ఉంటుంది, ఇసుక ముతక, అయితే ఒడ్డు కాస్త తొందరగా లోతుకి దిగుతుంది. ప్లాకా దాదాపు నాలుగు కిలోమీటర్ల పొడవు. మనుషులు పలచబడే కొద్దీ లైఫ్‌గార్డ్ దూరమవుతాడని గుర్తుంచుకోండి.

మిక్రి విగ్లా దగ్గర ఒక రాతి కొమ్ము సముద్రంలోకి పొడుచుకొచ్చి తీరాన్ని రెండుగా చీలుస్తుంది. ఉత్తరం వైపు మెల్తేమి నేరుగా తగులుతుంది, పెద్ద గాలిపటం లాగుతుంటే పలకమీద సాగే కైట్‌సర్ఫింగ్ వాళ్ల రాజ్యం అది. కొమ్ము దాటి దక్షిణం వైపు వస్తే గాలి చాలావరకు తగ్గిపోతుంది. ఒకే రోజు, ఐదు నిమిషాల నడక దూరంలో రెండు వేరు వేరు సముద్రాలు చూడాలంటే ఇక్కడికి రండి.

చోరాకి ఉత్తరాన ఉన్న గ్రోత్తా తీరం, దీవి ఉత్తరపు కొసన అపొల్లోనాస్, ఆబ్రామ్ వంటివి మెల్తేమికి ఎదురొడ్డి ఉంటాయి. ఉత్తరపు గాలి ఉన్నరోజు అక్కడ దిగొద్దు. అపోలో గుడి రాతి ద్వారం పోర్తారా దగ్గరికి వెళ్లే కట్టమీద కూడా గాలి రోజుల్లో కెరటాలు పైకి లేచి కొడతాయి. సూర్యాస్తమయం సెల్ఫీకి అంచున నిలబడటం మానుకోండి. అప్పుడప్పుడు గాలి తిరగబడి దక్షిణం నుంచి వస్తుంది. ఆ రోజు ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది: దక్షిణం వైపు బీచ్‌లలో అలలు లేస్తాయి, ఉత్తరపు తీరం నెమ్మదిస్తుంది.

దశ 3: దిగేముందు పది నిమిషాలు నిలబడండి

సముద్రం వైపు మొహం పెట్టి నిలబడండి. గాలి మొహాన కొడుతుంటే అది మిమ్మల్ని ఒడ్డుకే తోస్తుంది. అలలు ఉంటాయి, విసిగిస్తాయి, కానీ వెనక్కి తెస్తాయి. చెంపకి తగులుతుంటే తీరం పొడవునా పక్కకి కొట్టుకుపోతారు. అందుకే గాలి వచ్చే వైపు కొంచెం నడిచి అక్కడ దిగండి, కొట్టుకొచ్చేసరికి మీ తువ్వాలు దగ్గరికి వస్తారు. వీపుకి తగులుతుంటే అది ఒడ్డునుంచి సముద్రంలోకి వీచే గాలి. నాక్సోస్ పడమటి తీరంలో ఈశాన్యపు గాలి వీచినప్పుడు జరిగేది ఇదే. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి. నూట యాభై మీటర్లు వెళ్లాక అలజడి మొదలవుతుంది. ఎంత దూరం వెళ్తే గాలి అంత బలంగా ఉంటుంది, ఎదురుగా పారోస్ దాకా అడ్డు లేదు. చూడటానికి అన్నిటికన్నా ప్రశాంతంగా ఉండే రోజు ఇదే కాబట్టి అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిందీ ఆ రోజే.

మామూలు మనిషి ఈదే వేగం గంటకి రెండు, మూడు కిలోమీటర్లు. 5 బోఫర్ట్ గాలిలో ఖాళీ గాలి పరుపు అంతకన్నా వేగంగా పోతుంది. బంతి పోయినా, పరుపు పోయినా, ఇరవై యూరోల ఫ్లమింగో బొమ్మ పోయినా దాని వెంట ఈదకండి. పోనివ్వండి.

తరువాత జెండా చూడండి. ఆకుపచ్చ అయితే ఈదొచ్చు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే దిగకూడదు. ఎరుపు పసుపు రెండు రంగులు కలిసిన జెండా లైఫ్‌గార్డ్ పనిలో ఉన్నాడని చెబుతుంది. జనం ఎక్కువగా వచ్చే బీచ్‌లలో సాధారణంగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా, పొద్దున 10:30 నుంచి సాయంత్రం 5:30 వరకు కాపలా ఉంటుంది. వేళలు బోర్డు మీద సరిచూసుకోండి. ఆ గంటలు దాటాక, మే నెలలో, అక్టోబరులో, చిన్న చిన్న ఇసుక ఒడ్లలో మిమ్మల్ని చూసేవాళ్లు మీతో వచ్చినవాళ్లే. నీలిరంగు ‘బ్లూ ఫ్లాగ్’ కనిపిస్తే అది నీళ్ల శుభ్రతకీ సౌకర్యాలకీ ఏటా ఇచ్చే గుర్తింపు. ఈరోజు సముద్రం ఎలా ఉందో అది చెప్పదు.

నీళ్లలో బోయ్‌ల (నీటిమీద తేలే గుర్తు బంతుల) వరస ఉంటే అది ఈదేవాళ్ల సరిహద్దు. దాన్ని చీలుస్తూ ఒడ్డుకి నిలువుగా వచ్చే రెండు వరసల మధ్య దారి పడవలకీ జెట్‌స్కీలకీ (నీటి స్కూటర్లకీ). ఖాళీగా ఉందని అందులో ఈదకూడదు. బోయ్‌లు లేని చోట ఇంజన్ పడవలు ఈదేవాళ్లున్న తీరానికి 200 మీటర్లు దూరంగా ఉండాలన్నది నియమం. నియమం ఉన్నంత మాత్రాన పడవవాడికి మీ నల్లటి తల కనిపిస్తుందని కాదు. ఒడ్డు వెంబడి దూరం ఈదే అలవాటుంటే నడుముకి కట్టుకునే నారింజరంగు తేలే బోయ్ ఒకటి కొనుక్కోండి. బరువుండదు, అలసిపోతే పట్టుకోవచ్చు కూడా.

దశ 4: ఒంటిమీద ఏముండాలి

మొదట బట్టల సంగతి, ఎందుకంటే మనవాళ్లలో ఎక్కువమంది పొరపాటు ఇక్కడే. నూలు చుడీదార్, చున్నీ, జీన్స్, లుంగీ వేసుకుని నడుము లోతుకి దిగితే తడిసిన బట్ట కాళ్లకి చుట్టుకుంటుంది, బరువెక్కుతుంది, ఈదనివ్వదు. ఒళ్లు కప్పుకోవాలనుకుంటే ఒంటికి అతుక్కునే లైక్రా చొక్కా, లెగ్గింగ్ లాంటి ఈత దుస్తులు వేసుకోండి. నాక్సోస్‌లో ఎవరూ వింతగా చూడరు. ఎండకి తట్టుకోలేక ఐరోపావాళ్లు పిల్లలకి అవే వేస్తారు. రాళ్లున్న చోటికి రబ్బరు అడుగు నీటి బూట్లు కావాలి, చోరా దుకాణాల్లో దొరుకుతాయి.

నీళ్లు మనకి చల్లన. విశాఖ సముద్రం ఏడాదంతా 26 డిగ్రీలకి అటూ ఇటూ లేదా అంతకుమించి ఉంటుంది. నాక్సోస్ దగ్గర మే నెలలో 18, 19 డిగ్రీలు, జూన్‌లో 21, 22, ఆగస్టులో కూడా 24, 25. మేలో పడవమీదనుంచి ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుపోయి, ఆపుకోలేనంతగా ఆయాసం వస్తుంది. ఆ మొదటి ఒకటి రెండు నిమిషాల్లో నీళ్లు మింగడం తేలిక. మొహం, మెడ, ఛాతీ తడుపుకుంటూ నెమ్మదిగా దిగండి. ఎప్పుడైనా అనుకోకుండా పడితే ఈదబోకుండా ముందు తేలండి, ఊపిరి సర్దుకున్నాక కదలండి.

ఎండ గురించి రెండే మాటలు. గాలి చల్లగా ఉండటంవల్ల ఒళ్లు కాలుతున్నట్టు తెలియదు. మన రంగు చర్మం కూడా కమిలిపోతుంది. మందు తాగాక నీళ్లలోకి వద్దు. నాక్సోస్‌లో కిత్రో అనే నిమ్మజాతి చెట్టు ఆకులతో చేసే కిత్రోన్ అనే మద్యం ప్రసిద్ధి, రుచి చూడాలనిపిస్తే రాత్రి భోజనం దగ్గర చూడండి.

దశ 5: నీళ్లలో

బావిలో, కాలవలో, గోదావరి రేవులో ఈత నేర్చినవాళ్లకి ఒక శుభవార్త. ఏజియన్ నీళ్లలో లీటరుకి సుమారు 39 గ్రాముల ఉప్పుంటుంది. పెద్ద నదులు కలిసే మన తీరంలో అంతకన్నా బాగా తక్కువ, కాలవలో అసలు లేదు. అందుకే ఇక్కడ ఒళ్లు తేలిగ్గా తేలుతుంది. దిగిన మొదటి రోజే ఛాతీ లోతులో వెల్లకిలా తేలడం సాధన చేయండి: చెవులు నీళ్లలో మునగనివ్వండి, గడ్డం పైకి, చేతులు బార్లా, కాళ్లు వదులుగా. మూడు నిమిషాలు ఏమీ చేయకుండా అలా ఉండగలిగితే మీకు సగం రక్షణ దొరికినట్టే. ఉండలేకపోతే లోతుకి వెళ్లకండి, ఎన్ని గజాలు ఈదగలిగినా సరే.

దూరంగా వెళ్లకుండా ఒడ్డుకి సమాంతరంగా ఈదండి. ముందు గాలికి ఎదురు వెళ్లండి, తిరుగుప్రయాణం గాలివాటున రండి. ఓపిక ఉన్నప్పుడు కష్టం, ఓపిక తగ్గినప్పుడు సులువు. ఒడ్డున ఒక గొడుగో, తెల్ల గుడి గుమ్మటమో గుర్తు పెట్టుకుని ప్రతి రెండు మూడు నిమిషాలకీ తల ఎత్తి చూడండి. గుర్తు పక్కకి జరిగిపోతుంటే వెంటనే బయటికి రండి.

గాలి ఒడ్డువైపు గట్టిగా వీచిన రోజుల్లో ఇక్కడ కూడా వెనక్కి లాగే ప్రవాహాలు పుడతాయి. అలలు విరగకుండా ఒక పట్టీలా నల్లగా, మసకగా ఉన్న చోటు కనిపిస్తే అది దిగే చోటు కాదు. లాగేస్తే ఎదురీదకండి. తేలుతూ ఒక చెయ్యి ఎత్తండి. చేతనైతే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఏటవాలుగా ఒడ్డుకి రండి.

పిల్లలు మీ చేతికి అందేంత దూరంలో ఉండాలి. చేతులకి తొడిగే గాలి తొడుగులు, నడుము చుట్టూ వేసే ట్యూబులు లైఫ్ జాకెట్‌కి ప్రత్యామ్నాయం కావు. మునిగేవాళ్లు కేకలు వేస్తారని ఎదురుచూడకండి. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టం దగ్గర, నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులు కిందికి నొక్కుతూ, మాటా పలుకూ లేకుండా మునిగిపోతారు. ‘బాగానే ఉన్నావా’ అని అడిగితే బదులు రాకపోతే, చేతికందే పిల్లలైతే వెంటనే పట్టుకోండి, పెద్దవాళ్లైతే దశ 9లో చెప్పినట్టు చేయండి. ఒడ్డున ఒక పెద్దాయనకో, అక్కకో ‘ఈ పావుగంట నువ్వే చూడాలి’ అని పేరుపెట్టి అప్పజెప్పండి. అందరూ ఉన్నారు కదా అనుకుంటే ఎవరూ చూడరు.

దశ 6: అద్దెకి తీసుకునే ఆటలు

డబ్బు కట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నేను గాలికి కొట్టుకుపోతే నన్ను తీసుకొచ్చే పడవ ఏది, ఎక్కడుంది? వేలు పెట్టి చూపిస్తే తీసుకోండి. నవ్వి ఊరుకుంటే ఇంకో దుకాణానికి వెళ్లండి. ‘ఈరోజు గాలి ఎక్కువ, ఇవ్వను’ అన్నవాడు మంచివాడు, రేపు అతని దగ్గరికే వెళ్లండి.

పాడిల్ బోర్డు చూడటానికి అన్నిటికన్నా తేలిక. నా లెక్కలో కొత్తవాళ్లని ఎక్కువగా ఇరుకున పెట్టేది అదే. నిలబడ్డ మనిషి ఒళ్లే తెరచాప అయిపోతుంది. పొద్దున తొమ్మిదిలోపు వెళ్లండి. చీలమండకి కట్టే తాడు లేకుండా బోర్డు ఎక్కొద్దు. గాలి పెరిగితే మొదట మోకాళ్ల మీదికి దిగండి, ఇంకా పెరిగితే బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేయండి. రాలేకపోతున్నా బోర్డు వదిలి ఈదాలనే ఆలోచన రానివ్వకండి. వెతికేవాళ్లకి బోర్డు కనిపిస్తుంది, తల కనిపించదు. కయాక్‌కీ విండ్‌సర్ఫింగ్‌కీ ఇదే సూత్రం. సాయం కావాలంటే రెండు చేతులూ పక్కలకి చాపి నెమ్మదిగా పైకీ కిందికీ ఊపుతూ ఉండండి. అది అంతర్జాతీయంగా ఆపద సంకేతం. ఒక్క చెయ్యి ఊపితే పలకరిస్తున్నారనుకుని వాళ్లూ చెయ్యి ఊపుతారు.

కైట్‌సర్ఫింగ్ యూట్యూబ్ చూసి చేసేది కాదు. బళ్లో నేర్చుకోవాలి, గాలిపటాన్ని ఒక్క తోపుతో వదిలేసే క్విక్ రిలీజ్ కళ్లు మూసుకుని పట్టుకోగలిగేదాకా సాధన చేయాలి. చూడటానికి వెళ్లినవాళ్లు గాలిపటం ఎగిరేవాళ్లకి గాలి పోయే వైపు నిలబడకూడదు, ఇసుకమీద పరిచిన తీగల మీదుగా నడవకూడదు.

జెట్‌స్కీ ఎక్కితే కిల్ కార్డ్ అనే తాడు మణికట్టుకో జాకెట్‌కో తగిలించారా చూసుకోండి. మీరు పడితే ఇంజన్ ఆగేది దానివల్లే. వెనక కూర్చున్నవాళ్లు వెనక్కి పడితే బండి వెనకనుంచి నీళ్లు చిమ్మే నాజిల్‌లోంచి వచ్చే నీటి ధాటి శరీరం లోపల గాయాలు చేయగలదు, పలచటి ఈత దుస్తులు దానికి అడ్డుకావు. కాబట్టి మందమైన నియోప్రీన్ (రబ్బరు లాంటి బట్ట) నిక్కరు అడగండి, ముందున్నవాళ్లని గట్టిగా పట్టుకోండి. మనుషుల్ని ఎక్కించుకునే గాలి నింపిన బనానా, సోఫా లాంటివి లాగే పడవలో ఇద్దరుండాలి: ఒకరు నడపడానికి, ఇంకొకరు వెనక్కి తిరిగి మిమ్మల్ని చూడటానికి.

గ్రీస్‌లో 30 హార్స్‌పవర్ లోపు చిన్న పడవల్ని లైసెన్స్ లేనివాళ్లకి కూడా అద్దెకిస్తారు. చట్టం ఒప్పుకుంటుంది కానీ లంగరు ఎప్పుడూ వేయనివాళ్లు నాక్సోస్‌లో, జూలైలో మొదలుపెట్టకపోవడం మంచిది. కూఫొనీసియా, ఇరాక్లియా లాంటి చిన్న దీవులు చూడాలంటే కెప్టెన్ ఉన్న పడవ మాట్లాడుకోండి.

ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీసి చదవండి. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి కాబట్టి ఆ వీసామీద వచ్చినవాళ్ల దగ్గర ఒకటి ఉంటుంది. అందులో జెట్‌స్కీ, డైవింగ్, కైట్‌సర్ఫింగ్ మినహాయించి ఉండటం మామూలే.

దశ 7: నీటి అడుగున

స్నార్కెల్‌కి, అంటే గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి అడుగు చూడటానికి, ఇసుక బీచ్ చివర్న ఉండే రాతి కొమ్ములు బాగుంటాయి. అలికో దగ్గర చిన్న చిన్న ఒంపులున్నాయి, అయితే లైఫ్‌గార్డ్ ఉండడు. ఇద్దరు కలిసి వెళ్లాలి. ఎక్కువసేపు ఊపిరి బిగబట్టాలని ముందు గబగబా పదిసార్లు ఊపిరి తీసుకునే అలవాటు కొందరికుంది. దానివల్ల ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పడిపోయి, ఊపిరి తీసుకోవాలనే తపన ఆలస్యమవుతుంది. ఆక్సిజన్ అయిపోయి నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. బాగా ఈదే కుర్రాళ్లే దీనికి బలవుతారు.

స్కూబా డైవ్ (గాలి సిలిండర్‌తో నీటి అడుగుకి వెళ్లడం) చేస్తే విమానం ఎక్కేముందు విరామం కావాలి. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లైతే 18. అందుకే డైవింగ్ ప్రయాణం మొదట్లో పెట్టుకోండి, చివర్లో కాదు. అడుగున పాత కుండపెంకు కనిపించినా ముట్టుకోవద్దు, తేవద్దు. గ్రీస్‌లో అది నేరం.

దశ 8: కుట్టేవి, గుచ్చేవి

షార్క్ భయం అక్కర్లేదు. రాళ్లమీద నల్లటి ముళ్లబంతుల్లా ఉండే సముద్రపు అర్చిన్ మీద కాలు వేయడమే ఎక్కువమందికి జరిగేది. ముళ్లు పట్టకారుతో తీయండి, లోతుగా దిగినవాటిని సూదితో తవ్వకుండా డాక్టర్‌కి చూపించండి.

ఇసుకలో పూడుకుని ఉండే వీవర్ చేప గుచ్చితే నొప్పి భరించరానంతగా ఉంటుంది. దానికి వేడే మందు: కాలకుండా తట్టుకోగలిగినంత వేడినీళ్లలో, అంటే 40 నుంచి 45 డిగ్రీల్లో, కనీసం అరగంట పాదం ఉంచాలి. దగ్గర్లోని టవెర్నాకి, అంటే చిన్న భోజన హోటల్‌కి, వెళ్లి అడిగితే గిన్నెడు వేడినీళ్లు ఇస్తారు. జెల్లీఫిష్ తగిలితే సముద్రపు నీళ్లతోనే కడగాలి, మంచినీళ్లతో కాదు. రుద్దకూడదు, అంటుకున్న పోగుల్ని పట్టకారుతో తీయాలి. మధ్యధరాలో కుట్టే ఊదారంగు జెల్లీఫిష్‌కి వెనిగర్ పనికిరాదు. మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి.

ఒడ్డున గుట్టలుగా పడి ఉండే ఎండిన గోధుమరంగు ఆకుల్ని చూసి బీచ్ మురికిగా ఉందనుకోకండి. అది పొసిడోనియా అనే సముద్రపు గడ్డి. నీళ్లు అంత తేటగా ఉండటంలో దానికీ వాటా ఉంది.

దశ 9: ఏదైనా జరిగితే

ఈ నంబర్లు ముందే ఫోన్‌లో పెట్టుకోండి. 112 ఐరోపా అంతటా పనిచేసే అత్యవసర నంబరు, ఇంగ్లీషులో మాట్లాడతారు. 166 అంబులెన్స్. 108 గ్రీస్ కోస్ట్ గార్డ్. మన రెండు రాష్ట్రాల్లో 108 అంటే అంబులెన్స్ కాబట్టి కంగారులో తికమకపడతారు: ఇక్కడ నీళ్లలో ఉన్న మనిషికి 108, ఒడ్డుకి వచ్చిన మనిషికి 166. ఏదీ తోచకపోతే 112. బీచ్ పేరు, మీకు దగ్గరగా ఉన్న రెస్టారెంటు పేరు చెప్పండి. చుట్టూ ఉన్నవాళ్లని పిలవాలంటే గ్రీకులో ‘వొయీథ్యా’ అని అరవండి.

మునిగేవాళ్ల కోసం ఉరకకండి. మన రేవుల్లో ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ప్రతి వేసవిలో చదువుతూనే ఉన్నాం. లైఫ్‌గార్డ్‌ని పిలవండి, తేలేది ఏదైనా, లైఫ్ రింగ్, బోర్డు, మూత బిగించిన ఖాళీ పెద్ద సీసా, వాళ్ల వైపు విసరండి. వెళ్లక తప్పకపోతే తేలేది చేత్తో పట్టుకునే వెళ్లి, దాన్ని మీకూ వాళ్లకీ మధ్య ఉంచండి. మునిగే మనిషి చేతికి మీరు చిక్కకూడదు.

బయటికి తెచ్చాక ఊపిరి లేకపోతే పొట్ట నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నంలో కాలం పోగొట్టకండి. వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి 5 సార్లు ఊపిరి ఊదండి. ఇంకా కదలిక లేకపోతే ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదండి, అలా అంబులెన్స్ వచ్చేదాకా. పెద్దవాళ్లకి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు. మునిగి తేలినవాళ్లు లేచి కూర్చుని ‘నాకేం కాలేదు’ అన్నా, దగ్గు ఆగకపోయినా, ఆయాసం ఉన్నా, మగతగా ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. చోరాలో ఆస్పత్రి ఉంది. పెద్ద కేసులైతే అక్కడినుంచి ఏథెన్స్‌కి తరలిస్తారు. పాస్‌పోర్టు ఫొటో, బీమా కంపెనీ ఇరవైనాలుగు గంటల నంబరు మీ ఫోన్‌లోనే కాకుండా ఒడ్డున కూర్చునే మనిషి ఫోన్‌లో కూడా ఉండాలి.